చంద్రుడు పసిఫిక్‌లోంచి ఊడిపడ్డాడా, బయటి నుంచి వచ్చాడా, గుద్దుకుని పుట్టాడా?

ఓడలరేవు_రొయ్య
మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూల్లో సైన్సు ప్రదర్శన పెడితే చంద్రుడు ఎలా పుట్టాడన్న దాని మీద చార్టు చేసింది. అంగారకుడంత గోళం ఒకటి వచ్చి భూమిని గుద్దితే, లేచిన ముక్కలన్నీ పోగై చంద్రుడయ్యాడని రాసింది. చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన అందరి ముందూ "ఇదంతా తప్పమ్మా, పసిఫిక్ మహాసముద్రం ఉన్న చోట నుంచి ఊడిపోయిన ముక్కే చంద్రుడు, మా రోజుల్లోనే చదువుకున్నాం" అని మార్కులు కోసేశాడు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. మా బావేమో ఎటో పోతున్న గోళాన్ని భూమి లాక్కుందని ఎప్పుడో చదివానంటాడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎంత ఎక్కుతుంది, ఏ రోజు మోటార్లు వేసి ఏటి నీళ్లు తోడుకోవాలి, రొయ్య ఎప్పుడు పెంకు వదులుతుంది అని చూసుకుంటూ బతికేవాళ్లం, చంద్రుడితో మాకు రోజూ పనే. అలాంటిది ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో మూడు నోళ్లు మూడు రకాలుగా చెప్తున్నాయి. ఏది నిజం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, పిల్లకి చూపించాలి.

గోదారి_గట్టు
మార్కులు కోయడం మాత్రం అన్యాయం. కానీ పసిఫిక్ మాట మేమూ చదువుకున్నదే అండి. మా నాన్నగారి పాత పుస్తకంలో బొమ్మతో సహా ఉండేది. ఊరికే వేస్తారా?

కొబ్బరాకు
ఆ పెద్దాయన్ని కూడా ఇక్కడికి తీసుకురండి. టీ ఖర్చు నాది.

భౌతిక_మాస్టారు
గట్టు గారూ, ఊరికే వేయలేదు. ఆ సిద్ధాంతం వెనక గట్టి మనిషి ఉన్నాడు. జార్జ్ డార్విన్, పరిణామవాదం చెప్పిన చార్లెస్ డార్విన్ కొడుకు. 1879 ప్రాంతంలో ఆయన పోటుపాట్ల లెక్క పట్టుకుని వెనక్కి వెళ్లాడు. పోటు వల్ల భూమి తిరిగే వేగం తగ్గుతోంది, చంద్రుడు దూరం జరుగుతున్నాడు, కాబట్టి వెనక్కి పోతే చంద్రుడు దగ్గరవ్వాలి, రోజు చిన్నదవ్వాలి. అలా వెళ్తే రోజు మూడు నుంచి ఐదు గంటలున్న స్థితి వస్తుంది, చంద్రుడు భూమిని దాదాపు ఆనుకుని ఉంటాడు. అప్పుడు భూమి కరిగిన ముద్దగా ఉండి, సూర్యుడి పోటు దాన్ని ఊపి ఊపి ఒక ముక్కను విడదీసిందన్నాడు. 1882లో ఆస్మండ్ ఫిషర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి పసిఫిక్‌ని కలిపాడు, ఆ గుంటే ఊడిన మచ్చ అని. అక్కడి నుంచి పాఠ్యపుస్తకాలకెక్కింది.

ఎక్కడ దెబ్బతిందంటే ఒకటి, పసిఫిక్ అడుగున ఉన్న రాయి వయసు. ఎంత పాతది తీసినా 20 కోట్ల ఏళ్ల లోపే. సముద్రం అడుగు ఒక పక్క పుడుతూ ఇంకో పక్క ఖండాల కిందికి దిగిపోతూ ఉంటుంది. చంద్రుడి మీద నుంచి తెచ్చిన రాళ్లేమో 200 కోట్ల ఏళ్ల నుంచి 440 కోట్ల ఏళ్ల పైచిలుకు. నిన్న మొన్నటి గుంటలోంచి అంత పాత చంద్రుడు ఎలా వస్తాడు? రెండు, పరిమాణం చూడండి. పసిఫిక్‌లో పట్టే నీరు సుమారు 70 కోట్ల ఘన కిలోమీటర్లు. చంద్రుడి ఘనపరిమాణం సుమారు 2,200 కోట్ల ఘన కిలోమీటర్లు. ముప్పయ్యో వంతుకి కూడా చాలదు ఆ గుంట. మూడోది అన్నింటికన్నా పెద్దది. భూమి ముక్క తనంతట తాను విడిపోవాలంటే రోజు రెండు, రెండున్నర గంటలుండేంత జోరుగా తిరగాలి. ఇప్పుడు భూమికీ చంద్రుడికీ కలిపి ఉన్న కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడు జోరు, మొత్తం తిరిగి భూమికే పోసినా రోజు నాలుగు గంటలకి దిగదు. మిగతా వేగం ఏమైపోయినట్టు?

గోదారి_గట్టు
మాస్టారూ, ఆ కోణీయ ద్రవ్యవేగం అన్నది ఎక్కడికీ పోదంటారా? రాపిడితో తగ్గదా?

భౌతిక_మాస్టారు
రాపిడి శక్తిని వేడిగా మారుస్తుంది, కోణీయ ద్రవ్యవేగాన్ని మాయం చేయలేదు. ఒకరి దగ్గర తగ్గితే ఇంకొకరి దగ్గర పెరగాలి. భూమి కోల్పోయింది చంద్రుడికి పోతోంది, అందుకే ఆయన దూరం జరుగుతున్నాడు. సూర్యుడి వైపు కొంత జారిపోయే దారులు ఉన్నాయని ఈమధ్య అంటున్నారు, అది తర్వాత వస్తుంది.

రాజోలు_రాణి
రొయ్య గారూ, మీ బావగారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. భూమి లాక్కుందన్న వాదానికి నోబెల్ బహుమతి అందుకున్న హెరాల్డ్ యూరీ లాంటివాడు మద్దతిచ్చాడు. సౌరకుటుంబం పుట్టినప్పటి నుంచి చల్లగా, మార్పు లేకుండా ఉండిపోయిన ముద్ద చంద్రుడని, అక్కడికెళ్లి రాయి తెస్తే సౌరకుటుంబం తొలి రోజుల చరిత్ర చేతికొచ్చినట్టేనని ఆయన ఆశ. చంద్రుడి మీద సైన్సు కోసం వెళ్లాలని అమెరికాలో గట్టిగా అడిగినవాళ్లలో ఆయన ఒకడు. తీరా రాళ్లు వచ్చాక చూస్తే చంద్రుడు ఒకప్పుడు నిలువునా కరిగిపోయి ఉన్నాడు, చల్లని పాత ముద్ద కానే కాదు.

పులస_ప్రియ
మరి వేరే గ్రహాలకి లాక్కున్న చంద్రుళ్లు ఉన్నాయి కదా. నెప్ట్యూన్ దగ్గర ట్రైటన్ అలాంటిదే అని చదివా.

రాజోలు_రాణి
ఉంది పులస గారూ, అందుకే అది పసిగట్టొచ్చు. ట్రైటన్ నెప్ట్యూన్ తిరిగే దిక్కుకి ఎదురుగా తిరుగుతుంది, దత్తత బిడ్డ అని చూడగానే తెలుస్తుంది. మన చంద్రుడు భూమి తిరిగే దిక్కునే తిరుగుతాడు. పైగా పక్క నుంచి పోయే గోళం తన జోరుతో వచ్చి తన జోరుతోనే వెళ్లిపోతుంది. అది ఆగాలంటే ఎవరో వేగం తగ్గించాలి. మధ్యలో మూడో గోళం అయినా ఉండాలి, లేదా భూమి చుట్టూ చాలా దూరం వరకు దట్టమైన గాలి అయినా ఉండాలి. భూమి బరువులో 81వ వంతు ఉన్న గోళాన్ని అలా పట్టడం చెప్పినంత తేలిక కాదు.

లంక_లెక్కలు
ఒక్క నిమిషం ఆగండి అందరూ. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని లేజర్‌తో కొలిచారు కదా. భూమి వయసు 450 కోట్ల ఏళ్లు. గుణిస్తే 1,71,000 కిలోమీటర్లు. ఇప్పటి దూరం 3,84,400లోంచి తీసేస్తే ఇంకా 2,13,400 మిగులుతోంది. అంటే చంద్రుడు ఎప్పుడూ భూమి దగ్గర లేనే లేడు. అయితే విడిపోయిందీ లేదు, గుద్దుకుందీ లేదు. రాణి గారి కారణాలు ఎన్ని ఉన్నా నా ఓటు లాక్కున్నదానికే.

కొబ్బరాకు
లెక్కలు గారు కాలిక్యులేటర్ తీశారంటే ఇక రాత్రికి నిద్రలేదు.

పంటు_ప్రయాణం
లేజర్‌తో కొలిచారంటే నిజంగా అంత ఖచ్చితంగానా? సెంటీమీటర్లు ఎలా తెలుస్తాయండి అంత దూరంలో.

భౌతిక_మాస్టారు
చంద్రుడి మీదికి వెళ్లిన అమెరికా అపోలో 11, 14, 15 వాళ్లు అక్కడ అద్దాల పలకలు పెట్టి వచ్చారు. రష్యా వాళ్ల రెండు లూనోఖోడ్ బండ్ల మీద కూడా ఉన్నాయి. వచ్చిన వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపే అద్దాలు. ఇక్కడి నుంచి లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది, ఆ సమయాన్ని కొలిస్తే దూరం వచ్చేస్తుంది. 1969 నుంచి కొలుస్తూనే ఉన్నారు.

ఇక లెక్కలు గారూ, మీ గుణకారంలో లోపం లేదు. కానీ ఆ 3.8 అన్నది ఎప్పుడూ అంతే ఉందని మీరు అనుకున్నారు, తకరారంతా అక్కడే. చంద్రుడు దగ్గరున్నప్పుడు పోటు చాలా బలంగా ఉంటుంది, అప్పుడు దూరం జరిగే వేగమూ ఎక్కువే. అది కలుపుకుని వెనక్కి వెళ్తే లెక్క అటు తిరుగుతుంది, 150 కోట్ల ఏళ్ల కిందటే చంద్రుడు భూమిని తగిలేస్తాడు!

లంక_లెక్కలు
అదింకా కష్టం కదండీ. 440 కోట్ల ఏళ్ల రాయి ఉన్న చంద్రుడు 150 కోట్ల ఏళ్ల కిందట భూమిని తాకాడంటే ఎవరు ఒప్పుకుంటారు?

భౌతిక_మాస్టారు
ఎవరూ ఒప్పుకోరు, అందుకే వెతికారు. ఇప్పటి సముద్రాల ఆకారం వల్ల పోటు మామూలుకంటే బలంగా ఊగుతోందని తేలింది. అట్లాంటిక్ వెడల్పు, లోతు పోటు వచ్చే కాలానికి దాదాపు కుదిరేలా ఉన్నాయి. ఖండాలన్నీ ఒక్కచోట ఉన్నప్పుడో, ఇంకో అమరికలో ఉన్నప్పుడో అంత రాపిడి లేదు. అంటే 3.8 అన్నది ఇప్పటి కాలానికి దక్కిన ఎక్కువ రేటు. దానికి సాక్ష్యం కూడా ఉంది. 1963లో జాన్ వెల్స్ అనే ఆయన డెవోనియన్ కాలపు పగడాల శిలాజాల మీద గీతలు లెక్కపెట్టాడు. పగడం రోజుకో సన్న గీత పెడుతుంది, ఏడాదికో పెద్ద మార్పు కనిపిస్తుంది. సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి పగడంలో ఏడాదికి దాదాపు 400 గీతలు వచ్చాయి. ఏడాది పొడవు మారదు, కాబట్టి అప్పటి రోజు 22 గంటలు.

లంక_లెక్కలు
8,766 గంటల్ని 400తో భాగిస్తే 21.9. సరిపోయింది. పగడం మాట బావుంది. నా ఓటు ఇంకా వెనక్కి తీసుకోలేదు కానీ.

పంటు_ప్రయాణం
మాకు సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీదే ప్రాణం. రేవు మెట్ల మీద తడి గీత ఎక్కడిదాకా ఉందో చూసి పంటు నడిపేవాడు ఇంకెంతసేపట్లో నీళ్లు తిరుగుతాయో చెప్పేస్తాడు. నిన్న ఏడింటికి నిండితే ఇవాళ ఏడూ యాభైకి నిండుతుంది. ఈ యాభై నిమిషాల తేడా ఎందుకో ఎవరైనా చెప్తారా?

యానాం_గాలి
భూమి ఒక చుట్టు తిరిగొచ్చేసరికి చంద్రుడు తన దారిలో కొంత ముందుకి వెళ్లిపోతాడు, మళ్లీ ఆయన కిందికి రావడానికి భూమికి ఇంకో యాభై నిమిషాలు పడుతుంది. పంటు గారూ, మీరు చూసే ఆ నీళ్లే ఈ చర్చకి అసలు ఆధారం. భూమి చంద్రుడికంటే జోరుగా తిరుగుతుంది కాబట్టి నీటి ఉబ్బు చంద్రుడికి సూటిగా కింద ఆగకుండా కాస్త ముందుకి పోతుంది. ముందున్న ఆ ఉబ్బు చంద్రుణ్ణి ముందుకి లాగుతుంది, ఆయన ఎత్తుకి ఎక్కుతాడు. చంద్రుడు ఉబ్బుని వెనక్కి లాగుతాడు, భూమి నెమ్మదిస్తుంది. వైనతేయ ముఖద్వారం దగ్గరా వశిష్ట దగ్గరా అడుగున ఇసుకని రుద్దుకుంటూ వచ్చే పోటు కూడా ఆ లెక్కలో భాగమే, ఎంత చిన్నదైనా.

మాది యానాం, ఇప్పుడు వేరే ఊళ్లో రాళ్ల మీద పరిశోధన చేస్తున్నా. గుద్దుడు సిద్ధాంతం గురించి రాత్రికి తీరిగ్గా రాస్తా.

గునుపూడి_భక్తుడు
చంద్రుడు పాలసముద్రం చిలికితే పుట్టాడని పురాణం. మా గునుపూడి సోమారామంలో లింగం చంద్రుడు ప్రతిష్ఠించిందే. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుంది, మేం కళ్లారా చూస్తాం. కోటిపల్లిలో సోమేశ్వరుడూ ఆయన ప్రతిష్ఠే. మీరంతా రాళ్ల లెక్కలు వేసుకుంటున్నారు గానీ, సముద్రంలోంచి వచ్చాడని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. పసిఫిక్ మాట దానికి దగ్గరగా లేదూ?

భౌతిక_మాస్టారు
భక్తుడు గారూ, కార్తిక మాసంలో నేనూ సోమారామం వస్తాను, దండం పెడతాను. చంద్రుణ్ణి అత్రి మహర్షి కొడుకని చెప్పే పురాణమూ ఉంది. గోదావరి ఏడు పాయల్లో ఆత్రేయ అన్నది ఆ ఋషి పేరే. ఒక పురాణం సముద్రం అంటుంది, ఇంకోటి ఋషి అంటుంది, ఏ భక్తుడూ రెండింటి మధ్య పోట్లాట పెట్టడు. కానీ పసిఫిక్‌ని మథనంతో ముడిపెడితే రేపు పసిఫిక్ లెక్క తప్పని తేలగానే పురాణం తప్పన్నట్టవుతుంది. ఆ రెండింటినీ వేటి చోట వాటిని ఉండనిద్దాం.

గునుపూడి_భక్తుడు
మాస్టారు చెప్పిన తీరు నచ్చింది. గుద్దుడు సంగతి నేనూ చదువుతా, రాయండి యానాం గారూ.

పులస_ప్రియ
భూమీ చంద్రుడూ ఒకే దుమ్ములోంచి పక్కపక్కనే కవలల్లా తయారయ్యాయన్నది కూడా ఒకటి ఉంది కదా? దాన్ని ఎవరూ ఎత్తలేదేం.

రాజోలు_రాణి
ఉంది, ఎక్కువసేపు నిలబడదు. ఒకే దుమ్ములోంచి ఇద్దరూ పుడితే ఇద్దరికీ ఇనుము ఒకే పాళ్లలో రావాలి. భూమి సాంద్రత నీటికి ఐదున్నర రెట్లు, చంద్రుడిది 3.34 రెట్లే. భూమి బరువులో దాదాపు మూడో వంతు ఇనుప గర్భం, చంద్రుడి గర్భం ఆయన బరువులో రెండు శాతం కూడా లేదు. ఒక్క దుమ్ము ఇద్దరికి అంత తేడాగా ఎలా పంచుతుంది?

యానాం_గాలి
చెప్పినట్టే రాస్తున్నా, పొడవైతే ఏమనుకోకండి.

చంద్రుడు ఎలా పుట్టాడని చెప్పే ఏ సిద్ధాంతమైనా కొన్నిటికి జవాబు చెప్పి తీరాలి. ఇనుము ఎందుకు తక్కువ? జింకు, పొటాషియం, సోడియం లాంటి వేడికి ఎగిరిపోయే పదార్థాలు ఎందుకు తక్కువ? ఒకప్పుడు పైదంతా ఎందుకు కరిగి ఉంది? భూమి చంద్రుల జంటకి ఇంత కోణీయ ద్రవ్యవేగం ఎక్కడిది? ఇవన్నీ పోను, చంద్రుడి రాయిలో ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) పాళ్లు భూమి రాయితో ఎందుకు అచ్చంగా కలుస్తున్నాయి? అంగారకుడి నుంచి వచ్చిన ఉల్కల్లో అవి వేరు, చాలా ఉల్కల్లో వేరు. రాణి గారు లాక్కున్న సిద్ధాంతానికి చెప్పిన ఇబ్బందులకి నేను చేర్చేది ఇదొక్కటే. ఎక్కడో పుట్టి వచ్చినవాడికి మన ఐసోటోపులు ఎందుకుంటాయి?

గుద్దుడు అన్న ఊహ 1946లోనే రెజినాల్డ్ డేలీ రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. అపోలో వాళ్లు 1969 నుంచి 1972 దాకా 382 కిలోల రాయీ మట్టీ తెచ్చారు. వాటిని చూశాక 1975లో హార్ట్‌మన్, డేవిస్ ఇద్దరూ, 1976లో కామెరాన్, వార్డ్ ఇద్దరూ దాన్ని మళ్లీ పైకి తెచ్చారు. 1984లో హవాయిలోని కోనాలో చంద్రుడి పుట్టుక మీదే ఒక సదస్సు పెడితే, అక్కడి నుంచి ఎక్కువ మంది ఇటు మొగ్గారు. అంగారకుడంత గోళం భూమిని ఏటవాలుగా తాకిందని, లేచిన రాతి ఆవిరీ కరిగిన రాయీ భూమి చుట్టూ పళ్లెంలా పరుచుకుని చంద్రుడిగా పోగైందని చెప్తారు. ఏటవాలు దెబ్బ కాబట్టి తిరిగే జోరు వచ్చింది. వేడి కాబట్టి జింకు లాంటివి ఎగిరిపోయాయి. 2001లో రాబిన్ కానప్, ఎరిక్ ఆస్ఫాగ్ కంప్యూటర్ మీద నడిపి చూపించారు, ఇప్పటి బరువూ తక్కువ ఇనుమూ ఇప్పటి జోరూ దాదాపు వచ్చేశాయి. ఆ గుద్దిన గోళానికి థియా అని పేరు.

ఓడలరేవు_రొయ్య
మా మేనకోడలు పక్కనే కూర్చుని చదువుతోంది, అడగమంటోంది. భూమిలో ఇనుము ఉంది, ఆ థియాలోనూ ఉండి ఉంటుంది కదా, మరి చంద్రుడికి రాకుండా అదంతా ఎక్కడికి పోయిందని.

యానాం_గాలి
పిల్ల సరైన చోట పట్టుకుంది! గుద్దుకునే నాటికే రెండు గోళాల్లోనూ ఇనుము బరువు కొద్దీ మధ్యకి దిగిపోయింది, పైన రాయి మిగిలింది. ఏటవాలు దెబ్బకి లేచింది ఎక్కువగా పై రాయే. థియా ఇనుప గర్భం మాత్రం కొన్ని గంటల్లో భూమిలోకి దిగి భూమి గర్భంతో కలిసిపోయిందని లెక్క. చార్టు మీద ఆ దెబ్బ పక్కన ఈ ఇనుము బాణం గీసి చూపించమనండి, మార్కులు ఇచ్చేవాళ్లు ఇస్తారు.

లంక_లెక్కలు
అన్నీ ఇంత చక్కగా కుదిరితే మరి తకరారు ఎక్కడ? యానాం గారూ, మీరే చెప్పిన ఆక్సిజన్ సంగతి మీకే ఎదురు తిరగదా? కంప్యూటర్ మీద చంద్రుడు ఎక్కువగా ఎవరి ముక్కలతో తయారవుతున్నాడు, భూమివా థియావా?

యానాం_గాలి
థియావే. పాత కంప్యూటర్ నమూనాల్లో చంద్రుడిలో ముప్పావు వంతు వరకు థియా రాయే వస్తుంది. అదే నొప్పి. థియా వేరే చోట పుట్టిన గోళమైతే చంద్రుడి ఐసోటోపులు వేరుగా ఉండాలి, అవేమో భూమితో కలుస్తున్నాయి. ఆక్సిజనే కాదు, టైటానియం ఐసోటోపులూ కలుస్తున్నాయి. దీని మీదే ఇప్పటి పోట్లాటంతా.

2012లో రెండు మార్గాలు చెప్పారు. మతియా చుక్, సారా స్టీవర్ట్ ఇద్దరూ గుద్దేసరికే భూమి చాలా జోరుగా, రోజు రెండు మూడు గంటలుండేలా తిరుగుతోందన్నారు. అప్పుడు చిన్న గోళం గుద్దినా భూమి రాయే ఎక్కువ లేస్తుంది. ఎక్కువైన జోరు తర్వాత సూర్యుడి ప్రభావంతో తగ్గిందన్నారు. మాస్టారు పైన తర్వాత వస్తుందన్నది ఇదే. అదే ఏడాది కానప్ ఇంకోలా చెప్పింది, గుద్దుకున్నవి దాదాపు సమానమైన రెండు గోళాలని, అప్పుడు రెండూ పూర్తిగా కలిసిపోతాయని. 2017లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఒక్క పెద్ద దెబ్బ కాదు, చిన్నవి చాలా తగిలాయి, ఒక్కో దెబ్బకి ఒక్కో చిన్న చంద్రుడు పుట్టి అన్నీ కలిసిపోయాయన్నారు. సైమన్ లాక్, సారా స్టీవర్ట్ చెప్పినదాంట్లో దెబ్బకి భూమి రాయి చాలా ఆవిరై ఉబ్బిన వడ ఆకారంలో తిరుగుతుంది, దానికి సైనెస్టియా అని పేరు పెట్టారు, చంద్రుడు ఆ ఆవిరి లోపలే గడ్డకట్టాడని. 2022లో ఇంగ్లండ్‌లోని డర్హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు చాలా సూక్ష్మంగా నడిపిన నమూనాలో చంద్రుడు కొన్ని గంటల్లోనే నేరుగా కక్ష్యలో పడ్డాడు, పైపొరలో భూమి రాయే ఎక్కువ. ఇవేవీ కాదు, థియా కూడా భూమి పక్కనే అదే పదార్థంతో పుట్టిందనేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే గుద్దుడు జరిగిందన్నది గట్టి మాట, ఎలాంటి గుద్దుడన్నది ఇంకా తేలని మాట.

లంక_లెక్కలు
సైనెస్టియా అన్నది నాకు నచ్చలేదు. లెక్క కుదరనప్పుడల్లా భూమిని ఇంకాస్త వేడి చేస్తూ పోతే ఏదైనా కుదురుతుంది.

యానాం_గాలి
అలా అనకండి, ఊరికే వేడి చేయలేదు. అంత పెద్ద దెబ్బకి పుట్టే వేడికి రాయి ఆవిరవడం తప్పదు, ఆ పాత నమూనాల్లో ఆవిరి సంగతి సరిగ్గా పట్టించుకోలేదు. మీకు నచ్చకపోతే జింకు చూడండి. చంద్రుడి రాళ్లలో జింకు తక్కువే, ఉన్నదాంట్లోనూ బరువైన ఐసోటోపు పాలు ఎక్కువ. ఆవిరైనప్పుడు తేలికైనది ముందు ఎగిరిపోతుంది, బరువైనది మిగులుతుంది. 2012లో కొలిచి రాశారు. అంటే ఏదో ఒక ఘట్టంలో ఆ రాయి బాగా ఆవిరయ్యింది, అందులో సందేహం లేదు.

పులస_ప్రియ
మన చంద్రయాన్‌కి ఇందులో పాత్ర ఏమీ లేదా?

రాజోలు_రాణి
ఎందుకు లేదు! 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది దక్షిణంగా 69 డిగ్రీల దగ్గర. ప్రజ్ఞాన్ బండి నూరు మీటర్ల పైన నడిచి, దారిలో 23 చోట్ల మట్టిలో ఏ మూలకం ఎంతుందో కొలిచింది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల వాళ్లు 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో రాశారు. అది ఎక్కువగా అనార్థొసైట్ అనే తెల్లటి రాయి నుంచి వచ్చిన మట్టి. బెల్లం వండేచోట పాకం మరుగుతుంటే తేలికైన తెట్టు పైకి తేలుతుంది చూడండి, అలాగే చంద్రుడంతా కరిగిన రాతి సముద్రంగా ఉన్నప్పుడు తేలికైన ఖనిజం పైకి తేలి గట్టిపడితే ఆ రాయి తయారవుతుంది. అపోలో వాళ్లకి దొరికింది చంద్రుడి మధ్యరేఖ చుట్టుపక్కల, మనవాళ్లకి దొరికింది అంత దక్షిణాన. రెండు చోట్లా అదే రాయి అంటే కరగడం ఎక్కడో ఒక మూల కాదు, మొత్తం చంద్రుడే కరిగాడు. శ్రీహరికోట నుంచి వెళ్లిన బండి ఆ మాట చెప్పిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గునుపూడి_భక్తుడు
దిగిన రోజు మా వీధంతా టీవీ ముందే ఉంది. గుళ్లో కొబ్బరికాయలు కొట్టాం.

గోదారి_గట్టు
అయితే 2008లో వెళ్లిన చంద్రయాన్-1 నీళ్లు కనిపెట్టింది కదా. వేడికి అన్నీ ఎగిరిపోయాయంటున్నారు, నీళ్లు ఎలా మిగిలాయి?

యానాం_గాలి
చంద్రయాన్-1లోని పరికరం చూసింది ఎక్కువగా ఉపరితలం మీది నీటి జాడలు, సౌర గాలి (సూర్యుడి నుంచి వచ్చే కణాల ధార) వల్లా ఉల్కల వల్లా తర్వాత వచ్చి చేరేవి. మీ ప్రశ్నకి అసలు పదును ఇంకోచోట ఉంది. అపోలో తెచ్చిన మట్టిలో అగ్నిపర్వతాల నుంచి చిమ్మిన చిన్న గాజు పూసలున్నాయి. 2008లో వాటిలోపల కూడా నీటి జాడ కొలిచారు, అంటే అది చంద్రుడి లోపలి నీరు. అంత వేడిలో పుట్టినవాడి కడుపులో కొంచెమైనా నీరు ఎలా మిగిలిందన్నది గుద్దుడు చెప్పేవాళ్లు ఇంకా బాగా సర్దాల్సిన సంగతే.

కొబ్బరాకు
థియా మొత్తం భూమిలో కలిసిపోయిందా, ఎక్కడైనా ముక్క మిగిలిందా?

భౌతిక_మాస్టారు
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. భూమి లోపల 2,900 కిలోమీటర్ల లోతున, ఇనుప గర్భానికి ఆనుకుని రెండు ఖండాలంత పెద్ద ప్రాంతాలున్నాయి. భూకంప తరంగాలు వాటిలోంచి వెళ్లేటప్పుడు నెమ్మదిస్తాయి. ఒకటి ఆఫ్రికా కింద, ఇంకోటి పసిఫిక్ కింద. 2023 నవంబరులో చియాన్ యువాన్ అనే ఆయన బృందం అవి థియా నుంచి దిగిపోయి మిగిలిన రాయి కావొచ్చని రాసింది.

గోదారి_గట్టు
చూశారా, మళ్లీ పసిఫిక్ వచ్చింది!

భౌతిక_మాస్టారు
వచ్చింది గానీ మీ నాన్నగారి బొమ్మ రాలేదు గట్టు గారూ. అది పసిఫిక్ అడుగు కాదు, దానికి వేల కిలోమీటర్ల కింద ఉన్న సంగతి. పైనున్న సముద్రం మారుతూనే ఉంది, ఇవి చాలా కాలంగా ఉండొచ్చు. అసలు అవి థియావే అని కూడా తేలలేదు. ఖండాల కిందికి దిగిపోయిన పాత సముద్రపు అడుగంతా అక్కడ పోగుపడిందనేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ వాదమే ఎక్కువ నమ్మకంగా ఉంది.

యానాం_గాలి
మాస్టారితో నేను ఇక్కడ ఏకీభవించను. పాత సముద్రపు అడుగు అంత పెద్ద రెండు కుప్పలుగా అక్కడే ఎందుకు నిలుస్తుందో ఆ వైపు వాళ్లు కూడా పూర్తిగా చెప్పలేకపోతున్నారు. థియా రాయిలో ఇనుము కాస్త ఎక్కువై, బరువు రెండు మూడు శాతం ఎక్కువైతే చాలు, అడుగుకి దిగి కలవకుండా ఉండిపోతుందని వాళ్ల నమూనా చెప్తోంది. చంద్రుడి లోపలి రాయి ఆ ప్రాంతాల నుంచి పైకొచ్చే లావాని ఎంత పోలి ఉందో చూస్తే ఒక దారి దొరుకుతుంది.

పంటు_ప్రయాణం
పుట్టిన కొత్తల్లో చంద్రుడు ఎంత దగ్గర ఉండేవాడు? అప్పటి పోటు ఎలా ఉండేది?

లంక_లెక్కలు
ఇది నేను చెప్తా. ఇప్పటి దూరంలో పదిహేనో వంతో ఇరవయ్యో వంతో అంటున్నారు. పోటు బలం దూరం ఘనానికి విలోమంగా ఉంటుంది. దూరం సగమైతే బలం 8 రెట్లు. ఇరవయ్యో వంతైతే ఇరవై ఘనం, 8,000 రెట్లు.

భౌతిక_మాస్టారు
బలం అంతే, కానీ అప్పటికి సముద్రం లేదు పంటు గారూ. పోటెత్తింది రాయే, ఇక్కడా అక్కడా. ఆ పిసుకుడుకి చంద్రుడు లోపల వేడెక్కాడు కూడా.

గోదారి_గట్టు
మరి చంద్రుడి వయసు ఎంతని రాయాలి? ఒకచోట 435 కోట్లు, ఇంకోచోట 451 కోట్లు అని ఉంది.

యానాం_గాలి
రెండూ కొలిచినవే. అపోలో 14 మట్టిలో దొరికిన జిర్కాన్ స్ఫటికాల వల్ల 451 కోట్లు వచ్చింది. చాలా రాళ్లేమో 435 కోట్ల దగ్గర గుమిగూడి ఉన్నాయి. మాస్టారు ఇప్పుడు చెప్పిన వేడి ఉందే, దానివల్ల 435 కోట్ల ఏళ్ల కిందట చంద్రుడు రెండోసారి చాలావరకు కరిగి రాళ్ల గడియారం మళ్లీ మొదలైందని 2024 డిసెంబరులో ఒక బృందం రాసింది. వాళ్లది నిజమైతే పుట్టింది ముందే, రాళ్ల వయసు మాత్రం రెండో కరగడం నాటిది. చైనా వాళ్ల చాంగ్-6 2024లో చంద్రుడి అవతలి పక్క నుంచి దాదాపు రెండు కిలోల మట్టి తెచ్చింది, ఆ పక్క నుంచి ఇంతకుముందు ఎవరూ తేలేదు. అందులో 435కి ముందు నాటి ముక్కలు ఎన్ని దొరుకుతాయన్నదే నేను ఎదురుచూస్తున్నది.